లంక దగ్గర నీటిదున్న

పశువుల డాక్టరుగా పదహారేళ్ల సర్వీసు నాది. ఇల్లు భవానీపురంలో. ఆదివారం చర్చి, మిగతా రోజులు డ్యూటీ. దయ్యాలన్నా, మాయజంతువులన్నా నవ్వేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా తప్పుపట్టను.

కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడు, చిక్కుకుపోయిన పశువుల కోసం నేనూ పడవ నడిపే అతనూ ఇంజిన్ పడవలో ఒక లంకకు వెళ్లాం. నది మధ్య దిబ్బ మీద ఉన్న చిన్న ఊరది. జనమంతా అప్పటికే ఒడ్డుకు చేరిపోయారు. వెంకటేశ్వర్లు గారనే ముసలి రైతు మాత్రం తన ఆరు గేదెలతో ఉండిపోయారు.

మధ్యాహ్నం రెండు గంటలు. మంచి ఎండ. నీళ్లు ఆయన మోకాళ్ల దాకా వచ్చేశాయి. గేదెలు పడవలో పట్టవు. ఈదించి తీసుకెళదామంటే ఆ ఉరవడికి బెదిరి లోతుకు దిగడం లేదు.

“మీరైనా ఎక్కండి బాబాయిగారూ,” అని బతిమాలాను.

“గొడ్లని వదిలేసి రాలేనమ్మా. మీరెళ్లిపోండి.”

అప్పుడే ఎగువన నీళ్లు ఉబ్బాయి. నాచు పట్టిన నల్లటి వీపు తేలింది. తర్వాత కొమ్ములు. ఒక్కో కొమ్ము నా ఎత్తుంటుంది. ఇంజిన్ మోతలో కూడా దాని ఊపిరి వినిపించింది.

గేదెలన్నీ ఒక్కసారి తలలెత్తి అరిచాయి. ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి దిగి దాని వెంట ఒడ్డు వైపు సాగాయి. అది వెళ్లిన దారిలో నీళ్లు పంటకాలవలా నెమ్మదించాయి.

“నీటిదున్న! మా తాత చెప్పేవాడు,” అంటూ వెంకటేశ్వర్లు గారు ఏడుస్తూ పడవెక్కారు.

ఒడ్డు ఇంకా కొంచెం దూరముండగానే అది మునిగిపోయింది. మళ్లీ తేలలేదు.

గట్టు మీద ఆరింటినీ పరీక్షించాను. అంత ఈదిన గేదె రొప్పాలి, గుండె దడదడలాడాలి. ఒక్కదానికీ ఆ లక్షణాలే లేవు. నీడన మేసి వచ్చినట్టున్నాయి.

“ఏదో దుంగ అనుకుందామండీ,” అన్నాడు పడవ నడిపినతను.

“దుంగ ఊపిరి పీలుస్తుందా?” అన్నాను.

గేదెలు ఈదుకుంటూ క్షేమంగా చేరాయని రిపోర్టులో రాశాను. అబద్ధమైతే కాదు. ఆ తర్వాత నాకు దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. అంత పెద్ద జంతువు ఎక్కడా లేదు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది మా పడవ పక్కనుంచి వెళ్తున్నప్పుడు నేను భయపడలేదు. పెద్దవాళ్లెవరో ఇంట్లోకి వచ్చినట్టు, నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.