కోత పండుగకు ముందే తిరిగిన గాలి

మా టీచరమ్మ పోయారని కుప్పంలో నాకు కార్డు వచ్చింది. మదనపల్లె నుంచి మా అమ్మ రాయించింది. "టీచరమ్మ బుధవారం పొద్దున ప్రభువు దగ్గరికి పోయింది. తంగేడు పూసిందా అని అడిగిందంట. పూసిందన్నారంట. అంతే." చదివి ఏడ్చాను, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ప్రాణం పోయేటప్పుడు కూడా కాలానికి హాజరు వేసిన మనిషి ఆవిడొక్కరే.

భాద్రపదం దాటిందంటే చాలు, ఆవిడ నాలుగో తరగతిని పుంగనూరు రోడ్డు మీదికి నడిపించుకు పోయేవారు. పలకలు బడిలోనే. కాలం మారుతోందనడానికి ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు పట్టాలి. గడ్డి మీద మంచు, కళ్లు విచ్చిన సీతాఫలం, తోకాడించే బూడిదరంగు పిట్ట, ఏదైనా సరే. ఒకసారి నేను చూడకుండానే పిట్టను చూశానని కోతలు కోశాను. అది నడిచిందా, గెంతిందా అని అడిగారు. గెంతిందన్నాను. అది నడిచే పిట్టంట, దొరికిపోయాను.

"సూడనిది సెప్పొద్దు, సూసింది దాయొద్దు" అన్నారు. నేనిప్పుడు పిల్లలకు చదువు చెబుతున్నాను. ఆ మాట దాటి కొత్తగా చెప్పిందేమీ లేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బియ్యం దొరకడమే గగనం. నాన్న లేని మా ఇంటికి రెండెకరాల వేరుశెనగ చేనే ఆధారం. మా క్రైస్తవ పేటలో ఒక కట్టుబాటు ఉండేది. చర్చిలో కోత పండుగ నాడు తొలి బుట్ట దేవుడి ముందు పెట్టేదాకా ఎవరూ కాయ పెరకకూడదు.

ఆ యేడు పండుగ ఇంకా రెండు వారాలుందనగా, మేం తెచ్చిన గుర్తులు విని టీచరమ్మ మొహం మారింది. గాలి అప్పుడే ఈశాన్యానికి తిరిగింది. చీమలు గుడ్లు మోసుకుని బడి గోడ ఎక్కుతున్నాయి. ఈసారి వాన ముందే దిగుతుందన్నమాట. ఆవిడ నేరుగా మా చేలోకి వచ్చి, ఒక చెట్టు పెరికి కాయ ఒలిచారు. తొక్క లోపల నల్లబడి ఉంది. కాయ ముదిరింది, ఇక ముసురు పడితే నేలలోనే మొలకెత్తుతుంది. రేపే పెరకమని అమ్మకు చెప్పారు. పండగ కాకుండా ఎట్లమ్మా అంది అమ్మ.

సంగతి తెలిసి సంఘపెద్ద కర్ర పట్టుకుని చేలోకే వచ్చాడు. దేవుడికి పెట్టకముందే ముట్టుకుంటారా అని గద్దించాడు.

"పండగ దినం మనం పెట్టుకుండేదప్పా. గాలిని ఆయన తిప్పినాడు. ఇంగ ఎవురి మాట ఇనేది?" అన్నారు టీచరమ్మ. ఆయన కర్ర చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

మరునాడు తొలి బుట్టను ఆవిడే నెత్తిన పెట్టుకుని పోయి, ఖాళీ చర్చిలో ప్రార్థన బల్ల ముందు దించి మోకరించారు. తిరిగి వచ్చి, కుచ్చెళ్లు ఎగదోపి మా చేలో వంగారు. మధ్యాహ్నానికి పక్క చేలవాళ్లూ మొదలుపెట్టారు. మూడో రోజుకు సంఘపెద్దే వచ్చి, కూలీలు యాడా దొరకలేదని నసిగాడు. టీచరమ్మ ఒక్క మాట దెప్పకుండా మమ్మల్నందరినీ వెంటేసుకుని ఆయన చేలో దిగారు.

ఎండు కాయలు ఇళ్లకు చేరిన మరునాడే పండుగ ఆదివారం. పాస్టరు అయ్యగారు ప్రసంగం ఎత్తుకోగానే వాన పడింది. అట్లాంటిట్లాంటి వాన కాదు, ఐదు రోజులు వదలని వాన. ఆ యేడు మా ఇంట్లో పొయ్యి ఆరలేదంటే అది ఆవిడ పుణ్యమే.

రేకుల కప్పు మీద ఆ హోరుకు ప్రసంగం ఒక్క ముక్క వినపడలేదు. టీచరమ్మ ఆడవాళ్ల చాప మీంచి లేచారు. బల్ల ముందు పెట్టిన బుట్టల్లో సంఘపెద్ద బుట్టలోంచి ఒక ఎండు కాయ తీసుకుని, మగవాళ్ల వరుసలోకి నడిచి, ఆయన చెవి దగ్గర గలగలమని ఆడించారు. ఆయన తల వంచి నవ్వేశాడు. టీచరమ్మ ఆ కాయను పళ్లతో చిట్లించి, గింజలు నోట్లో వేసుకుని, వాకిట్లో నిలబడి వానను చూస్తూ నమిలారు.