చప్పుడు లేకుండా చూసిన సదర్

దీపావళి వెళ్లిన మర్నాడు పనికి వెళ్దామని ఉప్పుగూడ స్టేషన్‌లో కూర్చున్నాను. రైలు ఎంతకీ రాదు. లేచి పట్టాల వైపు చూడటం, మళ్లీ కూర్చోవడం, ఫోన్ తీయడం. ఆ సాయంత్రమే మా పాలవాళ్ల సదర్ పండుగ, దున్నల ఊరేగింపు. తమ్ముడు పొద్దున మా దున్నను గల్లీలో వెనక కాళ్ల మీద లేపిన వీడియో పంపాడు. ఒకటే డప్పులు, ఈలలు.

పక్కనున్న పెద్దాయన ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"మీ దున్ననా బిడ్డా?"

"అవు బాపూ. మస్తు లేస్తుంది గదా?"

"అది లేస్తలేదు బిడ్డా. ముక్కుతాడు మీదికి గుంజుతున్నరు, నొప్పికి ఓర్వలేక పైకొస్తుంది. ముప్పై ఏండ్లు నేను గూడ గిట్లనే లేపిన. ఆ లొల్లిల నాకేం తెల్వలే."

ఆయనే చెయ్యి చాచి ఫోన్ చప్పుడు ఆపేశాడు.

ఇక దున్న తేలేసిన కనుగుడ్లు, నోటి నురగ, వణుకుతున్న వెనక కాళ్లు మాత్రమే కనిపించాయి. అంతవరకు ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో, అవేవీ నా కంట పడలేదు.

రైలు వచ్చింది. ఆయన ఎక్కాడు, నేను ఎక్కలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఈసారి దున్నను లేపకుండ ఊకె నడిపిద్దాంరా."

"ఏందక్కా, గల్లీ అంత నవ్వుతది!"

"తాడు నేను పట్టుకుంటా."

ఆ సాయంత్రం మా దున్న నాలుగు కాళ్ల మీదే నడిచింది. తమ్ముడు నా మొహం చూడలేదు. జనం మాత్రం మా వెనక వేరేవాళ్లు లేపుతున్న దున్న కోసం ఈలలు వేస్తూనే ఉన్నారు. వెనక్కి తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు.