పులిహోర తిన్న గేదె

ఎంబీబీఎస్ ర్యాంకు రాకపోతే నన్ను పశువైద్యంలో చేర్పించారు. చదువు పూర్తయ్యాక పేరుకు ముందు డాక్టర్ అని తగిలించుకుని, ఏ డాక్టరని ఎవరూ అడగకుండా జాగ్రత్తపడుతూ బతికాను. శుభలేఖలోనూ అంతే వేయించాం. పెళ్లయిన వారానికి మా మామగారు మోకాలు చాపి నొప్పి చూడమన్నారు.

ఈ చదువుకు ఉద్యోగాలకేం లోటు లేదు. మొదట దాణా కంపెనీలో టై కట్టుకుని ఎండలో కోళ్ల ఫారాలు తిరిగాను. తర్వాత బ్యాంకులో గేదెల లోన్లు చూశాను. అక్కడ చెవికి ఇన్సూరెన్సు పోగు ఉంటే చాలు, గేదె ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇప్పుడు గుంటూరులో కుక్కలకూ పిల్లులకూ క్లినిక్ నడుపుతున్నాను. మా ఊళ్లో ఎండాకాలం చల్లగా బతికేవి రెండే: కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు, నా ఏసీ గదిలో పర్షియన్ పిల్లులు. మూడు ఉద్యోగాల్లోనూ నేను వెతుక్కున్నది ఒకటే, పేడ అంటని కుర్చీ.

ఆమధ్య మా అక్క చిన్నకూతురి ఓణీల ఫంక్షన్‌కి దాచేపల్లి అవతల వాళ్ల ఊరు వెళ్లాను. పెద్దకూతురికి పశువైద్యంలో సీటొచ్చింది. రెండు రోజుల్లో ఖాయం చేసుకోకపోతే పోతుంది. బావకేమో దాన్ని మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడేయాలని ఉంది. ఫంక్షన్ అయిన మర్నాడు పొద్దున తీర్పు చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు.

"ఆడపిల్ల గేదెల వెనకాల తిరుగుద్దా? నువ్వే చెప్పవయ్యా," అన్నాడు బావ.

"తిరగక్కర్లేదు బావా. కంపెనీలున్నాయి, బ్యాంకులున్నాయి, పెట్ క్లినిక్కులున్నాయి. గేదెను ముట్టుకోకుండానే రిటైరవ్వచ్చు," అన్నాను దర్జాగా.

మేనకోడలు నా ముఖంలోకి చూసింది. "ముట్టుకునే ఉద్యోగాలు కూడా ఉంటాయా మావయ్యా, అన్నీ తీసేశారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

అంతలో పెరట్లోంచి అక్క కేక వేసింది. చూడి గేదె పడుకుని లేవడం లేదు. పళ్లు నూరుతోంది, డొక్క బిగిసింది, పేడ నీళ్లలా పడి పుల్లటి కంపు కొడుతోంది. ఫంక్షన్‌లో మిగిలిన అన్నం పారేస్తే పాపమని, రెండు గంగాళాల అన్నమూ పులిహోరా రాత్రి దాని ముందు పెట్టింది అక్క. పాపం అక్కకు తగలకుండా గేదెకు తగిలింది.

రోగం నాకు తెలుసు, తిన్న అన్నమంతా కడుపులో పులిసిపోయింది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. నా చేతుల్లో గేదె చచ్చిపోతే చుట్టాలందరి ముందూ పరువు పోతుందనే భయం. గేదె పోతుందని కాదు. ఆ వరస తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పక్క మండలంలో ప్రభుత్వ డాక్టరుగా ఉన్న నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. "రేయ్, ఇక్కడో గేదె..." అని మొత్తం చెప్పాను.

"నువ్వెక్కడున్నావురా?"

"దాని పక్కనే."

"మరి నాకెందుకు ఫోను? చదివింది నేనొక్కణ్ణేనా? వంటసోడా నీళ్లలో కలిపి పట్టు. తల మరీ ఎత్తావంటే ఊపిరితిత్తుల్లోకి పోద్ది, చూసుకో. సెలైన్లు తీసుకుని బయల్దేరుతున్నా."

చుట్టాలంతా విన్నారు. వాడి గొంతు ఫోన్‌లో కూడా చిన్నగా ఉండదు.

అక్క వంటింట్లో ఉన్న సోడా అంతా తెచ్చింది. మేనకోడలు ముకుతాడు పట్టుకుంది. నేను సోడా నీళ్ల సీసా ఎత్తగానే గేదె దగ్గింది. "తల దించు మావయ్యా!" అని అరిచింది ఆ పిల్ల. దించాను. పోస్తూ, ఆగుతూ, మింగిందో లేదో గొంతు తడిమి చూస్తూ మొత్తం పట్టించాం. ఒకసారి గేదె తల విదిలిస్తే వెల్లకిలా పేడలో పడ్డాను. "మా బామ్మర్ది డ్యూటీ ఎక్కాడు," అన్నాడు బావ. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

క్లాస్‌మేట్ ఇంకో సంచి సోడాతో వచ్చి సెలైన్లు ఎక్కించాడు. పొద్దు వాలేదాకా ఏమీ తేలలేదు. మేనకోడలు మాత్రం డొక్క మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. చివరికి, "కదుల్తోంది, పొట్ట మళ్లీ కదుల్తోంది," అంది మెల్లగా. కాసేపటికి గేదె ముందుకాళ్ల మీద ఊగి, లేచి నిలబడింది. కడుపులో దూడ సంగతి రేపటిదాకా చెప్పలేమన్నాడు క్లాస్‌మేట్.

ఆ పిల్ల చెయ్యి పావడాకి తుడుచుకుని, ఫోన్ తీసి, సీటు ఖాయం చేసుకుంది. ఎవర్నీ అడగలేదు.

"ఏ ఉద్యోగం కోసమే?" అన్నాడు బావ నీరసంగా.

"మావయ్య చెప్పినవి కాదు నాన్నా."

బావ నా వైపు చూశాడు, ఏదో ఒకటి అనమన్నట్టు. సలహా ఇవ్వడానికి మళ్లీ నోరు తెరవబోయాను. క్లాస్‌మేట్ ఖాళీ సీసా నా చేతిలో పెట్టి, "ఇంకో సీసా సోడా కలుపు," అన్నాడు. కలపడానికి లేచాను.