రాణికి చప్పిడి తిండి

2017 వర్షాకాలం. ఒడిశాలోని బరంపురంలో గేట్ బజార్‌కు కాస్త ఎడంగా, ఒక బట్టల గోదాము కింది గదిలో నా పశువుల క్లినిక్ ఉండేది. వాన పడితే గుమ్మం దాకా నీళ్లొచ్చేవి. కుక్కల్ని తెచ్చేవారు, పల్లెల నుంచి మేకల్నీ దూడల్నీ ఆటోలో ఎక్కించుకొచ్చేవారు. పిల్లికి వైద్యం చేయించేవాళ్లు మాత్రం అప్పట్లో అరుదు. అందుకే, కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి ముసలి పిల్లిని తెచ్చిన ఆ దంపతులు నాకు బాగా గుర్తుండిపోయారు.

ఆయన సూర్యనారాయణ గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ సరోజనమ్మ గారు. టెక్కలి వైపు నుంచి పెద్దల కాలంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. పిల్లి పేరు రాణి, వయసు పద్నాలుగేళ్లు.

"తిండి మానేసింది డాక్టరమ్మా. నీల్లు మాత్రం తెగ తాగతాది. ఏటి పెట్టినా వాసన సూసి ఎల్లిపోతాది," అన్నారు సరోజనమ్మ గారు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగా ఎక్కువగా వచ్చింది. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థమది. వాటి పని మందగిస్తే రక్తంలోనే నిలిచిపోతుంది. ముసలి పిల్లుల్లో తరచూ చూసే జబ్బే. పూర్తిగా నయం కాదు గానీ, తిండి సరిగా చూసుకుంటే హాయిగా కొంతకాలం బతుకుతాయి.

ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగాను.

"ఈయన కంచంలోదే దాని తిండి. సోనేపూర్ సముద్రపొడ్డు నుంచి ఎండుసేపలు తెప్పించుకుంటారు. ఆయనకో ముక్క, దానికో ముక్క."

సూర్యనారాయణ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఎండుచేపలు మానిపించాలన్నాను. వాటిలోని ఉప్పు, ఫాస్ఫరస్ ఆ కిడ్నీలకు భారం. ఫాస్ఫరస్ తగ్గించి తయారుచేసే 'రీనల్ డైట్' డబ్బాలు భువనేశ్వర్ నుంచి తెప్పిస్తానన్నాను. సరోజనమ్మ గారు నిట్టూర్చారు.

"ఈయనకీ ఇదే జబ్బండి. కాల్లు వాసిపోతన్నాయి. ఉప్పు మానమని ఆసుపత్రిలో సెప్పి మూడేళ్లయింది. ఇనరు. సప్పిడి కూడు పెడితే కంచం తోసేస్తారు."

డబ్బాలు వచ్చాయి. రాణి మూతి కూడా పెట్టలేదు. పిల్లి వరసగా రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం చెడుతుంది, అది అసలు జబ్బు కంటే తొందరగా ప్రాణం తీస్తుంది. అందుకని వికారం తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కింద సెలైన్ ఎక్కించాను. తిండి గోరువెచ్చగా చేసి, ఉప్పు వేయని చేప ఉడికించిన నీళ్లు కలపమన్నాను. కాస్త తిని మళ్లీ మానేసింది. ఉడికిన గుడ్డు తెల్లసొన కలిపితే అదీ అంతే. ఎముకలు తేలిపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. రాణి గిన్నె వంటింటి గుమ్మం దగ్గరుంది. రాణి మాత్రం ముందుగదిలో, భోంచేస్తున్న సూర్యనారాయణ గారి కాళ్ల దగ్గర కూర్చుని ఆయన కంచంకేసే చూస్తోంది. ఆయన చేప పెట్టేస్తారేమోనని, జబ్బు తెలిసినప్పటి నుంచి సరోజనమ్మ గారు దాని గిన్నె వంటింటి దగ్గరికి మార్చేశారట.

"గిన్నె ఇక్కడే పెట్టండి. కానీ మీ కంచంలో చేప వాసనుంటే అది తన తిండి ముట్టదు," అన్నాను ఆయనతో.

ఆయన కంచం కాస్త దూరం జరిపారు. "నాను సప్పిడి తింటే ఇది తింతాదంటారా?"

"చెప్పలేనండి. చూద్దాం."

ఆ పూటే కంచం మార్పించి, రాణి గిన్నె పక్కన పెట్టించి, కుర్చీ వదిలి నేలమీద కూర్చున్నారు. ఉప్పులేని పప్పు, అన్నం. రాణి వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆయన ఆగలేదు, ముద్ద మీద ముద్ద మింగారు. రాత్రి కూడా అలాగే కూర్చున్నారట. మర్నాడు ఫోన్ చేశారు.

"తిన్నాది డాక్టరమ్మా. గిన్నె నాకేసింది," అన్నారాయన.

వెంటనే సరోజనమ్మ గారు ఫోన్ అందుకుని, "ఈయనా తిన్నారండి," అన్నారు.

రాణి ఆ తర్వాత దాదాపు రెండేళ్లు బతికింది. ఆయన కాళ్ల వాపు కూడా తగ్గింది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా ఇద్దరి రిపోర్టులూ నా బల్లమీద పెట్టేవారు. నేను మనుషుల డాక్టర్ని కాదన్నా వినేవారు కాదు. 2019 వేసవిలో, రాణి ఆయన ఒళ్లోనే పడుకుని కన్నుమూసింది.

కొన్నాళ్లకు సరోజనమ్మ గారు గేట్ బజార్‌లో కనిపించారు. ఆయన భోజనం ఎలా చేస్తున్నారని అడిగాను.

"మొదట్లో మానేశారమ్మా. ఒక్కడినే కూకుని సప్పిడి తినలేనన్నారు. ఇన్నేల్లూ ఆయన తిన్నాకే నాను తినేదాన్ని. ఇప్పుడు నానూ పక్కనే కూకుని సప్పిడే తింతన్నాను. ఆయనా తింతన్నారు."

తిండి మానేసిన ముసలి పిల్లులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. ఏం పెడుతున్నారని అడిగాక, అది ఎవరి పక్కన కూర్చుని తింటుందని కూడా అడుగుతాను.