ఎద్దుమూపు కొండ మీద రెండు పిలుపులు

నమ్మమని నేను ఎవరినీ బతిమాలను. ముప్ఫై ఆరేళ్లు నీటిపారుదల శాఖలో కొల్లేటి నీటిమట్టం కొలిచి రాసిన మనిషిని. చూసింది చూసినట్టు రాయడం, చూడనిది రాయకపోవడం... నాకున్నది ఆ ఒక్క అలవాటే. ఇంటికొచ్చాక సొంత డైరీ కూడా అలాగే రాసేవాణ్ణి. ఆ రోజు సంగతీ అలాగే చెబుతాను. ఇందులో కలిపింది ఒక్క ముక్క లేదు. కావాలంటే కొంత తగ్గించి చెబుతున్నాననుకోండి. కొన్ని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

ఇది రాత్రి జరిగింది కాదు. ముందే చెబుతున్నాను. పట్టపగలు. పన్నెండు కూడా కాలేదు.

ఏలూరులో పొద్దున్నే కాలవ గట్టున నడిచేవాళ్లం ఏడుగురం. అందరం అరవై దాటినవాళ్లమే. రెండేళ్ల కిందట కార్తీకంలో ఒక ఆదివారం కొండెక్కుదామన్నారు. బుట్టాయగూడెం అవతల అడవిలో ఒక కొండ ఉంది. పడుకున్న ఎద్దులా ఉంటుందని అక్కడివాళ్లు దాన్ని ఎద్దుమూపు అంటారు. ఈ చివర ఎక్కి, కొండ వెన్ను వెంట రాళ్ల మీద నడిచి, ఆ చివర దిగాలి. కుడివైపు చెట్లున్న వాలు. ఎడమవైపు... ఏమీ లేదు. నిట్టనిలువు బండ. కొన్నిచోట్ల దారి నాలుగడుగుల వెడల్పు కూడా లేదు.

నన్ను లాక్కెళ్లింది సోమరాజు గారు. ముప్ఫై ఏళ్ల స్నేహం మాది. పెదవేగిలో ఆయనకి పామాయిల్ తోట ఉండేది. మోకాలు నొప్పి, రానన్నాను. వినలేదు. తెల్లవారుజామున వ్యాను ఆయన ఇంటి ముందు ఆగినప్పుడు ఆయన భార్య సుభద్రమ్మ గారు గేటు దాకా వచ్చి, నాతో ఒక్క మాటే అన్నారు.

"అన్నయ్య గారూ, ఈయనకి ఎత్తంటే లెక్కలేదండి. మీ పక్కనే ఉంచుకోండి."

ఉంచుకుంటానన్నాను.

దారి పొడుగునా మంచు. వ్యాను లైట్లు వేసుకుని మెల్లగా పోతోంది. ఆ మంచు చూస్తే మా ఊరు గుర్తొచ్చింది. నేను పుట్టింది కైకలూరు పక్కన ఒక కొల్లేటి లంకలో. శీతాకాలం పొద్దున దోనెలో వెళ్తుంటే మంచులోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మా వాళ్లు వెంటనే పలకరు. రెండోసారికీ పలకరు. మూడోసారి పిలిస్తేనే పలుకుతారు. నీళ్ల మీద మంచులో గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియదు. తొందరపడి అటు దోనె తిప్పితే కిక్కిస గడ్డి దుబ్బుల్లో ఇరుక్కుంటారు. పనున్న మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిదైతే రెండుతో ఆపేస్తుంది... మా అమ్మ అలా చెప్పేది. ఊరికే కాలక్షేపానికి ఈ సంగతి వ్యానులో చెప్పాను.

రాజు గారు వదిలిపెడతారా. "మా మెట్టోళ్లం ఒక్క పిలుపుకే పలుకుతామండి. మీ కొల్లేటోళ్లకి చేపలు తిని చెవులు మందగించినట్టున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. వన్ టౌన్లో వాచీలు బాగుచేసే కరీముల్లా గారు నవ్వుతూనే, దిగేముందు అలవాటు కొద్దీ అందరి వాచీలూ తన ఫోన్లో టైముతో సరిచూశారు. నాది కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కొండ కింద పోశయ్య కలిశాడు. దారి చూపించే మనిషి. ఎక్కేముందు అతను ఒకటే చెప్పాడు. పైన మబ్బు దిగితే ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి. తనే వచ్చి ఒక్కొక్కర్నీ తీసుకెళ్తాడు. ఎవరూ కదలకూడదు.

ఎక్కడం బాగానే ఎక్కాం. వెన్ను మీదికి చేరాక నా మోకాలు మొరాయించింది. మిగతా ఐదుగురూ ముందుకు పోయారు. రాజు గారు నాతో పాటు ఆగుతూ, నడుస్తూ, నన్ను ఆటపట్టిస్తూ వచ్చారు. పదకొండూ ఇరవైకి ఒక పెద్ద బండ దగ్గరికి చేరాం. ఇల్లంత బండ. దారికి అడ్డంగా కూర్చున్నట్టు ఉంది. దాన్ని కుడివైపు నుంచి చుట్టి వెళ్లాలి. ఎడమవైపు కూడా దారిలాగే కనిపిస్తుంది... పది అడుగులు. ఆ తర్వాత గాలి.

నేను బండకి ఇవతల కూర్చుండిపోయాను. మీరు పదండి, మెల్లగా వస్తానన్నాను. అవును... నేనే పొమ్మన్నాను. పక్కన ఉంచుకుంటానని మాటిచ్చిన నేనే.

"అవతలే కూర్చుంటాం. పులిహోర మీకు ఉంచడానికి ప్రయత్నిస్తాను గానీ మాటివ్వలేనండి" అన్నారు. బండని కుడివైపు నుంచి చుట్టి వెళ్లిపోయారు. అదే నేను ఆయన్ని చివరిసారి నిలబడి ఉండగా చూడటం.

ఐదు నిమిషాలకి మబ్బు దిగింది.

ఒక్కసారిగా కాదు. ముందు అవతలి కొండ పోయింది. తర్వాత కుడివైపు చెట్లు పోయాయి. తర్వాత బండ పోయింది. చెయ్యి చాపితే వేళ్లు మసకగా ఉన్నాయి. చప్పుళ్లు కూడా పోయాయి. అంతవరకు అవతల నుంచి నవ్వులు వినబడుతున్నాయి... అవి ఆగిపోయాయి. నా టోపీ అంచు నుంచి నీటిబొట్లు రాయి మీద పడుతున్నాయి. టప్... టప్... అదొక్కటే.

అప్పుడు పిలిచారు.

"రావు గారూ..."

రాజు గారి గొంతు. గట్టిగా కాదు. పక్క గదిలోంచి పిలిచినట్టు. చివర్లో కొంచెం సాగదీసి... ఆయన నన్ను ఎప్పుడూ పిలిచేలాగే.

ఎడమవైపు నుంచి.

వాచీ చూసుకున్నాను. పదకొండూ ముప్ఫై ఎనిమిది. జేబు డైరీలో రాసుకున్నాను కూడా.  ఆ అంకెలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి.

ఎడమవైపు మనిషి నిలబడే చోటు లేదు. అది నాకు తెలుసు.  పలకాలనిపించింది. కానీ నోరు దానంతటదే మూసుకుపోయింది. చిన్నప్పుడు దోనెలో మా అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది... అచ్చం అలా. ఆగాను. టప్... టప్... ఇంకేమీ లేదు.

ఎంతసేపు కూర్చున్నానో ఊహించి చెప్పనక్కర్లేదు. తొమ్మిది నిమిషాలు. పదకొండూ నలభై ఏడుకి మళ్లీ వినబడింది.

"రావు గారూ..."

మళ్లీ ఎడమవైపే. ఈసారి దగ్గరగా. గొంతులో ఏదో తేడా ఉంది. ఆయాసం లాంటిది. కాలికింద రాయి ఒకటి కిర్రుమన్నట్టు కూడా అనిపించింది... ఆ చప్పుడు గురించి మాత్రం ప్రమాణం చెయ్యలేను.

నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. "ఆ" అనే అక్షరం నాలుక మీద ఉంది. మనిషైతే మూడోసారి పిలుస్తాడు కదా అనుకున్నాను. ఇంకొక్కసారి. ఒక్కసారి పిలిస్తే చాలు, పలుకుతాను.

టప్... టప్...

తర్వాత ఒక రాయి దొర్లింది. చిన్నది. దాని వెనక ఇంకోటి. తర్వాత చాలా రాళ్లు, ఒకదాని మీద ఒకటి, కిందికి... ఇంకా కిందికి... ఎంతసేపు వినబడ్డాయో. మనిషి కేక లేదు. అదే నాకు అర్థం కాదు. ఒక్క కేక లేదు.

పన్నెండుంపావుకి మబ్బు లేచింది. బండకి కుడివైపు నుంచి పోశయ్య వచ్చాడు. వెనకే కరీముల్లా గారు. ఆయన నన్ను చూసి, నా పక్కన ఖాళీ చోటు చూసి ఆగిపోయారు.

"రాజు గారేరండీ?"

మీ దగ్గరే కదా అన్నాను.

"మీరు పిలిస్తే వచ్చారు కదండీ."

నేను ఎవరినీ పిలవలేదన్నాను. ఆయన మెల్లగా చెప్పారు. మబ్బు దిగాక వాళ్లంతా అవతల కదలకుండా కూర్చున్నారట. రాజు గారు బత్తాయి వలుస్తున్నారట. అప్పుడు బండ ఇవతల నుంచి పిలుపు వచ్చింది.

"'రాజు గారూ, ఒకసారి ఇటు రండి' అని. నేనూ విన్నానండి. మీ గొంతే. పోశయ్యని రానివ్వండి, ఆగండన్నాను. ఆయన వింటేనా. మోకాలు పట్టేసినట్టుంది, పాపం, అని లేచారు. 'ఇదిగో వచ్చేస్తున్నానండీ' అని ఒక్క పిలుపుకే వెళ్లిపోయారు."

పోశయ్య అప్పటికే ఎడమవైపు అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. లేచాక తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

సాయంత్రానికి కిందికి దించారు. కాలు జారి పడ్డారని పోలీసులు రాసుకున్నారు. నేనూ అలాగే సంతకం పెట్టాను.

ఇక నేను రోజూ తిరగేసేది ఇది. కరీముల్లా గారి ఫోన్లో ఒక ఫొటో ఉంది. మబ్బులో అందరూ దెయ్యాల్లా ఉన్నారని నవ్వుకుంటూ తీసిందట. రాజు గారు బత్తాయి తొన నోట్లో పెట్టుకుంటున్నారు. టైము పదకొండూ ముప్ఫై ఎనిమిది. అంటే మొదటి పిలుపు ఆయనది కాదు. వాచీ తేడా అనడానికి వీల్లేదు... పొద్దున్నే ఆ ఫోనుతోనే సరిచూసింది కరీముల్లా గారే.

రాజు గారు లేచి వెళ్లింది నలభై అయిదు ప్రాంతంలో. అంటే రెండోది... రెండోది రాజు గారిదే అయ్యుండాలి. దారి తప్పి బండకి ఎడమవైపు వచ్చి, నేను ఎక్కడున్నానో తెలియక, నా కోసం పిలిచి ఉండాలి. అప్పుడు నేను ఒక్క మాట పలికితే... ఇక్కడున్నాను, కదలకండి అంటే... ఆయన ఆగి ఉండేవారు. మనిషి పిలిచాడు. నేను పలకలేదు. మూడోసారి పిలవడానికి ఆయన లేరు.

లేకపోతే ఆ రెండోదీ ఆయన కాదేమో. పలికి ఉంటే అంచు దాకా లేచి వెళ్లేది నేనేమో. రెండు విధాలా ఆలోచిస్తాను. ఏదీ నిలవదు. మా అన్న కొడుకు ఫిజిక్స్ లెక్చరర్, మబ్బులో శబ్దం రకరకాలుగా తిరుగుతుందని బొమ్మ గీసి చూపించాడు. తిరగడానికి ముందు ఒక శబ్దం ఉండాలి కదా అన్నాను. నేను నోరు విప్పలేదు. విప్పలేదనే నమ్ముతున్నాను. ఈ మధ్య ఆ నమ్మకం కూడా పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటోంది.

పెద్దకర్మ అయిన మర్నాడు పెదవేగి వెళ్లాను. సుభద్రమ్మ గారు కబురు పెట్టారు. వరండాలో కుర్చీ వేసి, కాఫీ తెచ్చి, ఎదురుగా మెట్టు మీద కూర్చున్నారు. లోపల చుట్టాలు గిన్నెలు సర్దుతున్నారు. ఆమె అటు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"అరవై ఎనిమిదేళ్లొచ్చినా కుర్రవేషాలు మానక అంచుకి వెళ్లి పడ్డాడని అందరూ అంటున్నారండి. మా తమ్ముడూ అదే అన్నాడు. కరీముల్లా గారేమో మీరు పిలిస్తే వెళ్లారన్నారు." కొంచెం ఆగి అడిగారు. "పిలిచారా, అన్నయ్య గారూ?"

లేదని చెప్పడానికే వెళ్లాను నేను. నిజం అదే. కానీ ఆమె ముఖం చూశాను. లేదంటే ఆయన పిచ్చివాడిలా గాలిలోకి నడిచి పోయినవాడవుతాడు. అవునంటే, స్నేహితుడి కోసం లేచి వెళ్లి పోయినవాడు.

"పిలిచానమ్మా" అన్నాను.

ఆమె తల ఊపారు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. నేను కాఫీ గ్లాసు అందుకున్నాను. అప్పుడు ఆమె తలెత్తి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

"ఎందుకు పిలిచారండీ?"