ఉంగరం పెట్టిన కెమెరా

మల్కాపురం యేసుదానం దగ్గర రెండు పాత ఫిల్ము కెమెరాలున్నాయి. చర్చి పెళ్లిళ్లకు నికాన్ పట్టుకెళ్లేవాడు. దాని షట్టర్ టక్కున మోగితే పెళ్లికొడుకు కూడా నిటారుగా నిలబడేవాడు. ఇంట్లోవాళ్ల ఫొటోలు మాత్రం పెంటాక్స్‌తోనే తీసేవాడు. దాని లెన్సులో ముఖాలు మెత్తగా పడతాయని అతని నమ్మకం. రెండింటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, టీ తెప్పించి మరీ కూర్చోబెట్టేవాడు.

ఆ పెంటాక్స్‌ను మేనల్లుడు జాక్సన్ అడిగాడు. భీమిలి బీచ్‌లో ఒక జంటకు ప్రీ వెడ్డింగ్ షూట్ ఉందన్నాడు. యేసుదానం సంబరపడిపోయి, రీలు ఎక్కించి, తనే బస్సులో బీచ్‌కు తీసుకెళ్లి ఇచ్చాడు.

రోడ్డు పక్క టీ తాగి అతను ఇసుకలోకి దిగేసరికి కెమెరా లెన్సు ఊడదీసి ఉంది. అది తడి ఇసుకలో బోర్లా పడి ఉంది. లెన్సు ఉండాల్సిన గుంతలో, వేలు తగిలితేనే మరకపడే అద్దం మీద, ఉంగరమూ గులాబీ రేకులూ ఉన్నాయి. జాక్సన్ తన డిజిటల్ కెమెరాతో వాటిని ఫొటో తీస్తున్నాడు.

యేసుదానం గబగబా వెళ్లి జాక్సన్ కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏటిరా నువ్వు సేత్తన్నది?”

“లుక్కు కోసం మామా. ఇప్పుడు దీంతో ఎవడు తీత్తాడు?”

“ఛీ! నాను కెమెరా ఇచ్చాన్రా, పూలబుట్ట కాదు!”

ఉంగరం పెళ్లికూతురి చేతిలో పెట్టి, లెన్సు ఏరుకుని, పెంటాక్స్ తీసుకుని వెనుదిరిగాడు. “అంకుల్, ఒక్క ఫొటో తియ్యండి” అని ఆ అమ్మాయి పిలిచినా ఆగలేదు.

బస్సులో లెన్సు రింగు తిప్పితే ఇసుక కరకరమంది.

“బాగుసేయించుకోవచ్చు కదా” అన్నాడు పక్క సీటాయన.

“లెన్సు బాగవుద్ది బాబూ. ఆడి మొకం సూడాలంటేనే అసయ్యంగా ఉంది” అన్నాడు యేసుదానం.