ఏ వచనం?

మా చర్చిలో బైబిలు చెప్పే సారు మొన్న శనివారం పొద్దున పోయారు. రాచర్ల నుంచి వచ్చిన ఆటో అతను చెబితే ముందు నమ్మలేదు. శుక్రవారం ప్రార్థనలో కూడా నాతో వాదించిన మనిషి.

మా ఇద్దరికీ పడేది కాదు. ఉన్నమాటే చెబుతున్నాను. నేను సంఘ పెద్దను, తాతలు చేసినట్టే జరగాలంటాను. ఆయన ప్రతిదానికీ "ఏ వచనం?" అనేవారు. "నాకు ఆచారం వద్దు పెద్దయ్యా, ఆధారం చూపియ్యి." ఒకసారి రోషం వచ్చి, చర్చి బయట ఆయనా చెప్పులు విడుస్తారు కదా, అది ఏ వచనంలో ఉందో చెప్పమన్నాను. మోషే మండే పొద దగ్గర చెప్పులు విడిచిన చోటు తీసి నా ముందు పెట్టారు, చదువుకోమని. నాకు చదువు రాదని ఆయనకు తెలుసు.

మర్నాడు పలక పట్టుకుని వచ్చారు. మార్కాపురం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పలకలు కోసినవాణ్ణి, ఒక్కదాని మీదా అక్షరం రాసి ఎరగను. యాభై దాటినవాడితో అ ఆలు దిద్దించారు. తప్పు రాస్తే ఆయన చెరిపేవారు కాదు, నాతోనే చెరిపించేవారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

సమాధి దగ్గర, పెట్టె మూసే ముందు, ఆయన బైబిలు ఆయన చేతుల్లో పెట్టాను. మా పెద్దవాళ్లను అట్లాగే పూడుస్తాం. మా నాయనకూ పెట్టాం. సారు భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యన్నా. పుస్తకం మట్టిలో ఎయ్యొద్దని చెప్పి పోయినాడు."

అందరూ నా మొహమే చూస్తున్నారు. మేకులు పట్టుకున్నవాడు ఆగిపోయాడు. ఇంతమందిలో నేను తగ్గాలా అనిపించింది.

"పెద్దోళ్ల కాడి నుంచి వస్తున్న పద్ధతమ్మా. వట్టి చేతుల్తో పంపిస్తే ఊరు నవ్వుతాది."

ఆమె గొంతు పెంచలేదు.

"ఏ వచనం అన్నా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నా ఒళ్లు మండింది. నాకు తెలిసిన వచనాలన్నీ ఆ పెట్టెలో మనిషి నేర్పినవే. అన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ నా వైపు లేదు.

పుస్తకం తీశాను. చల్లటి వేళ్ల మధ్య నుంచి లాగాల్సి వచ్చింది. ఆమెకు ఇవ్వబోతే తీసుకోలేదు, నువ్వే చదువు అంది. ఎర్రటి ఎండలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, కాపరి కీర్తన చదివాను. రెండు చోట్ల తప్పు పోయింది. దిద్దేవారు లేరు.

మూత వేసేటప్పుడు చూశాను. చేతులు ఖాళీ. వేళ్లు మాత్రం పుస్తకం పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. బొటనవేలు కాస్త ఎడంగా ఉంది, పేజీ పోకుండా పెట్టుకున్నట్టు.